కల్లంలో కాలని కాళ్లు

ఆ కబురు నాకు మొదట చెప్పింది నర్సమ్మ. కోదాడ వైపు నుంచి బదిలీ మీద మా సబ్ సెంటర్‌కు కొత్తగా వచ్చిన మనిషి. పొద్దున నేను దీపం పెట్టి పొయ్యి మీద చాయ్ పెడుతుంటే, వాకిట్లో స్కూటీ ఆపి, దిగకుండానే చెప్పింది. తండాల్లో రోగాలు ఊళ్లలో కంటే ఆలస్యంగా బయటపడుతున్నాయట, తెలిసేసరికి చేయి దాటిపోతున్నదట. ఆ తేడా తగ్గించే పనికి ప్రభుత్వం సాయం ఇస్తుందట. కాకపోతే తండావాళ్లే ఒక సంఘంగా ఏర్పడి ఆ పని చేసుకోవాలట.

"రాయడం చదవడం వచ్చిన ఆడమనిషి ఎవరండీ అంటే అందరూ మీ ఇల్లే చూపించారు," అంది.

నాకు నవ్వొచ్చింది. నేను బడి గడప తొక్కినదాన్ని కాను. మా నాయన మిర్యాలగూడలో ఒక సావుకారి దుకాణంలో బస్తాలు మోసేవాడు. బస్తాల మీది అక్షరాలు చూసి చూసి తను నేర్చుకున్నాడు. బెల్లం చుట్టిన పేపర్లు ఇంటికి తెచ్చి, బండ మీద బొగ్గుతో దిద్దించి నాకు నేర్పాడు. ఆయనకు వచ్చినంత నాకు వచ్చింది. ఆ పైన వచ్చిందంతా అమ్మవారి దయ.

నర్సమ్మ చెబుతుంటే సంఘం పేరున అర్జీ నేను రాశాను. మూడు ఆదివారాలు పట్టింది. కాగితం సూర్యాపేటకు పోయింది. వానాకాలం నాట్లు అయ్యే వేళకు మంజూరైందని తెలిసింది. ఆ రోజు తండా ఆడవాళ్లమంతా మా లంబాడీల దేవత మేరమ్మ తల్లి ముందు నిప్పుల్లో నెయ్యి, బెల్లం వేసి భోగ్ పెట్టుకున్నాం. మా తండాకు ప్రభుత్వం తనంతట తాను మంచి చేసిన రోజులు నాకు ఎక్కువ గుర్తులేవు. అందుకే నాకు ఆ రోజంతా కళ్లు చెమ్మగానే ఉన్నాయి.

షుగర్ చూసే చిన్న యంత్రం, బీపీ యంత్రం, ముప్పై ఏళ్లు దాటిన ప్రతివాళ్లకూ ఒక కార్డు వచ్చాయి. నెలకు ఒకరోజు నర్సమ్మ వచ్చి కమ్యూనిటీ హాల్లో కూర్చుని వేలు గుచ్చి చూసి, కార్డు మీద అంకె వేసేది. ఆ పూట నేను ఇల్లిల్లూ తిరిగి అందరినీ హాలుకు పంపేదాన్ని. సాయంత్రం కార్డులన్నీ తెప్పించుకుని, అంకెలను పెద్ద పుస్తకంలోకి ఎక్కించేదాన్ని. ఖాళీ గడులు ఎక్కువైతే వచ్చే ఏడు సాయం రాదని ముందే చెప్పారు. ఆ భయంతోనే నేను ప్రతి గడపలో ఒకే మాట చెప్పాను.

"ఏ పనున్నా సరే, కార్డు మీద గడి ఖాళీ ఉండొద్దు."

ఆ మాట అన్నది నేనే. ఇక్కడ రాసి పెడుతున్నాను.

మా వెనక వీధిలో ఒక ముసలమ్మ ఉంది. తండాలో పెద్ద ఆడవాళ్లను యాడీ అంటాం, అంటే తల్లి అని. ఆమెను కూడా అందరం అలాగే పిలుస్తాం. మిర్యాలగూడ దగ్గర ఒక చిన్న రైస్ మిల్లులో ఆమెకు పని. ఉడికించిన వడ్లను సిమెంటు కల్లంలో ఆరబోసి, వరసగా నడుస్తూ వట్టి కాళ్లతో తిరగేయాలి. ఎండ ఎక్కేసరికి కల్లం పెనంలా అవుతుంది. తక్కినవాళ్లు నాలుగు వరసలు తొక్కి నీడకు పరుగెత్తుతారు. ఈమె మాత్రం మిట్టమధ్యాహ్నం కూడా నిమ్మళంగా నడుస్తూనే ఉంటుంది. అందుకని మేస్త్రీ మిగతావాళ్లను మానిపించినా ఈమెను మానిపించేవాడు కాదు.

తెల్లవారుజామున ఆటో ఎక్కేచోట ఆడవాళ్లు ఆమెను ఆటపట్టించేవాళ్లు. "యాడీ, నీ కాళ్లు ఏ కొలిమిల చేయించినవ్? మాకూ చేపియ్యరాదు," అనేది ఒకతి. "చెప్పులకు మరిగిన కాళ్లే మీయి. గవి కొలిమిల పెట్టినా గంతే," అనేది ఆమె. అందరితోపాటు నేనూ నవ్వేదాన్ని. ఆమె కార్డు మీద షుగర్ అంకె నెలనెలా నా అంకె కంటే బాగుండేది. పుస్తకంలో ఎక్కిస్తూ, ఈ వయసులో కూడా ఆరోగ్యం ఇచ్చావని దేవుడికి దండం పెట్టుకునేదాన్ని.

చలికాలం ముందు సంఘాల వాళ్లకు సూర్యాపేటలో ఒకరోజు శిక్షణ పెట్టారు. అక్కడ ఒక డాక్టరమ్మ షుగర్ గురించి చెబుతూ, ఏళ్ల తరబడి మందు లేకుండా ఉంటే కాళ్లకు స్పర్శ పోతుందని, ముల్లు గుచ్చినా నిప్పు మీద పెట్టినా తెలియదని చెప్పింది. కాలు నొస్తుందనేవాళ్లు ఎలాగూ దవాఖానకు వస్తారు, నొప్పే లేదనేవాళ్లను మీరు వెతకండి అంది.

నాకు యాడి నడక కళ్ల ముందుకు వచ్చింది. ఆమె అంకెలు బాగున్నాయి కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. కోదాడలో బస్సు మారేదాకా చెప్పుకుంటూనే ఉన్నాను. తండాలో ఆటో దిగాక మాత్రం మా ఇంటికి పోలేదు, ఆమె ఇంటికే పోయాను. యాడి ఇంకా మిల్లు నుంచి రాలేదు. కోడలు గిన్నెలు తోముతున్నది. మీ అత్తకు షుగర్ లేదు గదా అని మాటవరసకు అడిగాను. మాలో మేము మా లంబాడీ మాటే మాట్లాడుకుంటాం. ఆమె జవాబును మీ కోసం తెలుగులో పెడుతున్నాను.

"అత్తది నాకేం ఎర్క అక్కా? సూయించుకున్నది నేనేనాయె."

నాకు అర్థం కాలేదు. ఆమె చేతులు కడుక్కుని వచ్చి నిదానంగా చెప్పింది. "అత్త పొద్దుగాల్నే ఆటోకు పోతది. కూలి ఇడిసి ఉంటదా? నువ్వేమో గడి ఖాళీ ఉండొద్దంటివి. ఉపాధి పనికి పోయినట్టే హాలుకు కూడ నేనే పోయిన. ఒక ఏలు నా కార్డుకు, ఒక ఏలు అత్త కార్డుకు."

ఆమె ముఖంలో దాపరికం ఏమీ లేదు. ఎందుకుంటుంది? మా దగ్గర ఉపాధి హామీ పని అలాగే నడుస్తుంది. కార్డు ఇంటిది. మట్టి పనికి అత్త పేరు పడితే, అత్తకు వీలు కాని రోజు కోడలు పోతుంది, లేకుంటే కొడుకు పోతాడు. తట్టలు నిండాలి, అంతే. దాన్ని మోసమని మేం ఎన్నడూ అనుకోలేదు. నన్ను అడిగి ఉంటే ఇది అట్లాంటి కార్డు కాదని చెప్పేదాన్ని. కానీ అది అడగాల్సిన సంగతని ఆమెకు తోచలేదు, చెప్పాల్సిన సంగతని నాకూ తోచలేదు.

చీకటి పడేముందు యాడి వచ్చింది. అరుగు మీద కూర్చోబెట్టి కాళ్లు చాపమన్నాం. కుడికాలు అడుగున, బొటనవేలి కింద, చర్మం కమిలి తెల్లగా పగిలింది. పగులులో వడ్ల పొట్టు ఇరుక్కుని ఉంది. వాసన వస్తున్నది. నేను ఆ పుండు పక్కనే వేలు పెట్టి నొక్కాను.

"నొస్తున్నదా యాడీ?"

"ఏడ?" అంది ఆమె, మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తూ.

మర్నాడు నర్సమ్మను పిలిపించాను. ఈసారి యాడి వేలే గుచ్చింది. యంత్రం అంకె కూడా చూపలేదు, తాను కొలవగలిగిన దాన్ని మించిపోయిందని మాత్రం చూపింది. నర్సమ్మ పాత కార్డు తీసుకుని, దాని మీద తాను వేసిన అంకెలన్నీ ఒక్కొక్కటే చూసింది.

"నేను వేళ్లే చూశానమ్మా, మొహాలు చూడలేదు," అంది చివరికి.

ఇవాళే సూర్యాపేట పెద్ద దవాఖానకు పోకపోతే కాలు దక్కదని, కాలుతో ఆగకపోవచ్చని కూడా చెప్పింది. యాడి ఒప్పుకోలేదు. మిల్లులో వడ్లు వచ్చే రోజులివి, ఇప్పుడు మానితే మేస్త్రీ ఇంకొకరిని పెట్టుకుంటాడు, నొప్పే లేని కాలుకు దవాఖాన ఎందుకు అని మొండికేసింది. కొడుకు చెప్పాడు, నేను చెప్పాను. నర్సమ్మ గట్టిగానే కసిరింది. ఆమె లేవలేదు. అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడి ఉన్న కోడలు వచ్చి ఆమె ముందు కూర్చుంది.

"ఇన్ని నెలలు నీ బదులు నేను పోయిన అత్తా. దవాఖానకు మాత్రం నీ బదులు పోనీకి రాదు. పోయేటట్టుంటే పోకపోదునా?"

యాడి ఆమెను చూసింది. కోడలి భుజం పట్టుకుని లేచి ఆటో ఎక్కింది.

దవాఖానలో రెండు కాలివేళ్లు తీసేశారు. పాదం దక్కింది. ఇంకో వారం ఆలస్యమైతే మోకాలి దాకా పోయేదని డాక్టరు చెప్పాడు. ఉన్నన్ని రోజులూ కోడలు మంచం పక్కన నేల మీదే పడుకుంది. ఎవరో మాకు తెలియని ఒక ఆయా రోజూ వేడినీళ్లు తెచ్చి ఇచ్చేది. ఆమెకు మేం ఏమీ ఇచ్చుకోలేకపోయాం. ఆమెను చల్లగా చూడమని దేవుణ్ని అడుగుతుంటాను.

తండాకు వచ్చాక నేను కార్డులు పట్టుకుని ప్రతి ఇంట్లో అడిగాను. ఇంకో ఆరు ఇళ్లలోనూ ఇదే సంగతి. పుస్తకంలో తప్పు అంకెలున్నాయని సూర్యాపేట ఆఫీసుకు రాస్తానంటే పెద్దమనుషులు కొందరు వద్దన్నారు. వచ్చిన సాయం పోగొడతావా అన్నారు. నాకూ భయమేసింది. దీపం ముందు కూర్చుని, ధైర్యం ఇవ్వమని అడిగి, ఉన్నదున్నట్టు రాశాను. వాళ్లు పిలిపించి చాలా ప్రశ్నలు వేశారు. మళ్లీ అందరికీ మొదటి నుంచి పరీక్ష చేయించమన్నారు, సాయం మాత్రం ఆపలేదు. ఇప్పుడు నర్సమ్మ తెల్లవారకముందే వచ్చి, ఆటో ఆగేచోటే బల్ల వేసుకుని కూర్చుంటుంది. పక్కన నేను కూర్చుని, ప్రతి ముఖం చూసి కార్డు ఇస్తాను. వచ్చే ఏడు ఏమవుతుందో మాకు తెలియదు.

యాడి మిల్లుకు పోవడం మానేసింది. ఇంటి దగ్గర చింతపండు కొడుతూ, మందు బిళ్లలు చేదని అందరినీ తిడుతూ బాగానే ఉంది. మాట పడింది మాత్రం కోడలే. నల్లా దగ్గర ఆడవాళ్లు అత్త వేళ్లు పోగొట్టిన కోడలని ఆమె వినేటట్టే అనేవాళ్లు. ఆమె ఒక్కనాడు కూడా నా వైపు వేలు చూపలేదు. గడి ఖాళీ ఉంచొద్దని నేనే అన్నానని, తప్పు నాదని సంఘంలో లేచి చెప్పాను. కొందరు విన్నారు, కొందరు వినలేదు.

అందుకే ఇది చదివిన మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. మీరు ఏ దేవుడికి దండం పెట్టుకునేవాళ్లయినా సరే, ఈ పూట ఆ కోడలిని ఒక్కసారి తలుచుకోండి. ఆమె ఎవరో మీకు తెలియకపోయినా, ఆమె మనసు నిమ్మళంగా ఉండాలని నా కోసం అడగండి.