చావడిలో చల్లారిన కప్పు

యూఫ్రటీస్ నది ఒడ్డున జరిగిన యుద్ధాన్ని ఎవరు గెలిచారన్న విషయం మీద చాలా పుస్తకాలు వచ్చాయి. కొన్నిటిలో అమెరికా సేనానులు గెలిచారు, కొన్నిటిలో అక్కడి తెగ పెద్ద షేక్ షల్లాల్ గెలిచాడు. ముఖ్లిఫ్ ఒక్కదానిలోనూ లేడు. షేక్‌గారి చావడిలో ముప్పై ఏళ్ళుగా కాఫీ కాచేవాడు చరిత్రకు ఏం పనికొస్తాడు?

పొద్దున్నే అతను కాఫీ గింజలు దంచే రోలు మోగిందంటే చావడి తెరిచినట్టు, ఎవరైనా రావచ్చన్నట్టు. కొడుకు ఆయెద్ పుట్టిన దగ్గర్నుంచి తెగంతా అతన్ని అబూ ఆయెద్, అంటే ఆయెద్ నాన్న, అనే పిలిచేది.

ముసుగువాళ్ళు ఊళ్ళ మీద పడి తలలు నరుకుతున్న రోజుల్లో ఒక అమెరికా కెప్టెన్ తెగ సాయం కోరి మూడుసార్లు ఆ చావడికి వచ్చాడు. మూడుసార్లూ మ్యాపులు పరిచి, కాఫీ గటగటా తాగేసి, ఒట్టి చేతులతో వెళ్ళాడు. నాలుగోసారి ముఖ్లిఫ్‌కే జాలేసి దుబాసీని పక్కకు పిలిచాడు.

"తాగేశాక ఇంకేం అడుగుతాడయ్యా మీ దొర? కప్పు నేల మీద పెట్టమను. సరేననేదాకా ముట్టొద్దను. తాగని అతిథిని పంపిస్తే షేక్‌గారు ఈ గట్టు మీద తలెత్తుకు తిరగలేడు."

కెప్టెన్ కప్పు కింద పెట్టాడు. షేక్ దాని వంక చూసి, గడ్డం దువ్వుకుని, "తాగు. నువ్వడిగింది అయినట్టే" అన్నాడు.

మర్నాటి నుంచి తెగ కుర్రాళ్ళు తుపాకులు పట్టి దారులు కాశారు. ఆయెద్ పధ్నాలుగు నెలలు వంతెన కాసి, ఎడమచేతి వేళ్ళు రెండు అక్కడే వదిలాడు. ముసుగువాళ్ళు పారిపోయారు. కెప్టెన్‌కు పతకం వచ్చింది. షేక్‌గారికి పార్లమెంటు సీటు వచ్చింది. ఆయెద్‌కు అరెస్టు వారంటు వచ్చింది.

ఒకప్పుడు శత్రువుతో తిరిగాడట. ఎవరో పేరు లేని పెద్దమనిషి రాసిన కాగితం. ఆ మాటకొస్తే తెగలో సగం తిరిగింది. షేక్‌గారు ఇదే చావడిలో ముసుగువాళ్ళకు గొర్రెను కోసి పెట్టాడు. అటు ఉన్నవాళ్ళు ఇటు రాబట్టే గదా గెలిచింది. దానికి పుస్తకాల్లో వ్యూహమని పేరు, ఆయెద్ ఫైల్లో నేరమని పేరు.

ఆయెద్‌ను పట్టుకెళ్ళిన వారం ముఖ్లిఫ్ చావడిలో అందరికీ పోశాక తనకూ ఒక కప్పు పోసుకుని, ముప్పై ఏళ్ళలో మొదటిసారి అతిథుల వరసలో కూర్చున్నాడు. కప్పు నేల మీద పెట్టాడు.

"ఏమిటిది, అబూ ఆయెద్?"

"నా కొడుకు, షేక్‌గారూ. రాజధానికి ఒక్క ఫోను చెయ్యండి."

"నీ కాఫీ నీకే రుచించలేదేమో అనుకున్నా" అని షేక్ నవ్వాడు. "తాగవయ్యా, చూద్దాంలే."

"చూద్దామంటే తాగరు షేక్‌గారూ. మీకు తెలీందా."

"కోర్టు వ్యవహారం. నా చేతుల్లో ఏముంది?"

ముఖ్లిఫ్ లేచి రోలు భుజానికెత్తుకున్నాడు. "ఇది మా నాన్నది" అని వెళ్ళిపోయాడు. కప్పు నిండుగా అక్కడే ఉండిపోయింది.

దాన్ని తీయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. వచ్చినవాళ్ళు చుట్టూ తిరిగి నడిచేవారు. షేక్ రెండు వారాలు ఓర్చుకుని, పక్కన సోఫాలూ ఏసీలూ ఉన్న కొత్త హాలు తెరిచి, గాజు గ్లాసుల్లో టీ ఇప్పించాడు. తలలు నరికేవాళ్ళకు జడవని మహావీరుడు గుక్కెడు కాఫీకి చావడి ఖాళీ చేశాడు.

ముఖ్లిఫ్ ఇంటి ముందు మాత్రం రోజూ రోలు మోగింది. అలవాటు కొద్దీ ముసలాళ్ళు వచ్చారు, తర్వాత అలవాటు లేనివాళ్ళూ వచ్చారు. "ఆ సోఫాల్లో మోకాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలీటంలేదురా" అని సాకు.

ఎన్నికలు దగ్గరపడ్డాక ఒక పొద్దున షేక్ షల్లాల్ ఒంటరిగా వచ్చి చాప మీద కూర్చున్నాడు. ముఖ్లిఫ్ పోశాడు. షేక్ కప్పు అందుకుని నేల మీద పెట్టాడు. చుట్టూ ముసలాళ్ళు తాగడం ఆపేశారు.

"మళ్ళీ చావడికి రా, అబూ ఆయెద్. జనంలో నా పరువు పోతోంది."

"వస్తా. అక్కడ నా కప్పొకటి ఉండిపోయింది. తొమ్మిది నెలలైంది."

"చెప్పాను గదా, కోర్టు..."

"మీ కాఫీ చల్లారుతోంది, షేక్‌గారూ."

షేక్ జేబులోంచి ఫోను తీశాడు. కోర్టు వ్యవహారం మొత్తం నాలుగు నిమిషాలు పట్టింది. ఆ నాలుగు నిమిషాలు లేకే ఆయెద్ తొమ్మిది నెలలు పదిమంది పట్టే జైలు గదిలో నలభైమందితో వంతులేసుకుని నిద్రపోయాడు.

"రేపు వదుల్తారు" అన్నాడు షేక్, కప్పు వైపు చెయ్యి చాపుతూ. "ఇక తాగనా?"

"చూద్దాంలే" అన్నాడు ముఖ్లిఫ్. "వాడు గుమ్మంలోకి రానీండి."