పెరీనా పడవ పరీక్ష

మా దీవిలో చలికాలం వచ్చిందంటే నాకు రెండే పనులు. మోకాళ్ళకి నూనె రాసుకోవడం, అగ్నిమాపక దళం వాళ్ళ హాల్లో పడవ పాఠాలు చెప్పడం. ఫెర్రీ మీద ఉద్యోగం చేసి చేసి దిగాక ఈ రెండో పని నా మెడకి చుట్టుకుంది. సరదాకైనా సరే, ఇంజను ఉన్న పడవ నడపాలంటే పాఠాలు వినాలి, పరీక్ష ప్యాసవ్వాలి, లైసెన్సు జేబులో ఉండాలి అని చట్టం. ఎర్రదీపం ఏ పక్క, పచ్చదీపం ఏ పక్క, మనిషి నీళ్ళలో పడితే ముందు ఏం చెయ్యాలి, ఎవరు ఎవరికి దారివ్వాలి. ఇవే మాటలు ప్రతి ఏడూ చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది. వినేవాళ్ళు కూడా ప్రతి ఏడూ ఒకలాగే ఉంటారు. వేసవి ఇళ్ళు కొనుక్కున్న రాజధాని జాగ్రెబ్ వాళ్ళు అన్నీ రాసుకుంటారు, ఏదీ బుర్రకెక్కదు. మా ఊరి కుర్రాళ్ళు ఏదీ రాసుకోరు. సముద్రం తమ తాతల ఆస్తి అన్నట్టు కాళ్ళు చాపుకుని కూర్చుంటారు.

ఆ ఏడు వాళ్ళ మధ్యలో పెరీనా వచ్చి కూర్చుంది. నేనూ పెరీనా చిన్నప్పుడు ఒకే బల్ల మీద చదువుకున్నాం. అరవై దాటిన మనిషి. నల్ల స్వెట్టరు, చేతుల నిండా ఆలివ్ కొమ్మలు గీరిన గీతలు. ఆమెని చూసి నవ్వొచ్చింది నాకు.

"ఏంటే, దారి తప్పొచ్చావా? చర్చి పాటలవాళ్ళు పక్క గదిలో ఉన్నారు."

"నీ పాటే వినడానికొచ్చాన్రా బేపో. తొందరగా మొదలెట్టు, నాకు నిద్రొస్తోంది."

పెరీనాకి పడవ నేర్పడమంటే చేపపిల్లకి ఈత నేర్పడమే. పెళ్ళైన మర్నాటి నుంచీ మొగుడు లోవ్రేతో పాటు పడవ మీదే బతికింది. వాళ్ళది చిన్న కర్రపడవ. కూరలోకి నాలుగు చేపలు పట్టుకోవడానికీ, కొండకి అవతల ఉన్న ఆలివ్ తోటకి వెళ్ళిరావడానికీ అదే ఆధారం. తోటకి రోడ్డు లేదు. కొండెక్కి దిగితే మోకాళ్ళు పోతాయి. లోవ్రే వల లాగుతుంటే గాలికి ఎదురుగా పడవని నిలబెట్టేది పెరీనాయే. ఒకసారి ఇంజను చెడిపోతే దక్షిణపు గాలిలో మొగుణ్ణీ ఆలివ్ బస్తాల్నీ కలిపి తెడ్డేసి తెచ్చిందని మా అమ్మ చెప్పేది. అయినా వల పని అయిపోగానే ఆమె ముందు కొసకి వెళ్ళి కూర్చునేది, రేవు మలుపు తిరిగేసరికి చుక్కాని లోవ్రే చేతిలో ఉండేది. అందువల్ల ఊళ్ళో మేమంతా చూసింది అతని చేతిలో చుక్కానినే. లైసెన్సు కూడా అతనికే ఉంది. పడవలో అతనుండగా ఆమెని అడిగినవాడు లేడు.

బళ్ళో ఉన్నప్పుడు పెరీనా పంతులమ్మకే ఎదురు చెప్పేది. పెళ్ళయ్యాక ఆ నోరు ఎటు పోయిందో నాకు తెలియదు. లోవ్రే చెడ్డవాడేమీ కాదు. కొట్టలేదు, తాగి పడిపోలేదు. తన మాటే మాటనుకునే మనిషి, అంతే. అలాంటివాళ్ళతో కాపురం చేసినవాళ్ళు త్వరగా అలిసిపోతారు.

ఆ ముందు వేసవి చివర్లో లోవ్రేకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. కాలు ఈడుస్తూ నడుస్తాడు. నోరు మాత్రం బాగానే ఉంది, అదే నా ఖర్మ అనేది పెరీనా. ఆస్పత్రి నుంచి తీసుకొచ్చాక అతను వంటింట్లో కుర్చీ వేసుకుని గోడకేసి కూర్చున్నాడు. రేవు కనిపిస్తుందని కిటికీ తలుపులు కూడా మూయించాడు. మనిషిని బయటికి తీసుకెళ్ళమ్మా, సముద్రం మీద తిప్పు, ఇలాగే కూర్చోబెడితే ఎక్కువకాలం దక్కడు అని డాక్టరు పెరీనాకి చెప్పాడు. చుక్కాని మాత్రం ఇక ముట్టుకోకూడదన్నాడు. చుక్కాని లేనివాడికి పడవెందుకు, చచ్చుచెయ్యి వేలాడేసుకుని ఊరి నోళ్ళలో పడనన్నాడు లోవ్రే. పిల్లలు లేరు. ఆ పడవ కదలాలంటే పెరీనాకే లైసెన్సు రావాలి. పడవ కదిలితే మనిషి కదులుతాడని ఆమె ఆశ.

పొద్దున్నే లేచి అతనికి బట్టలు తొడగడం, తినిపించడం, కొండెక్కి తోట చూసి రావడం, వంట, మళ్ళీ అతని స్నానం. అవన్నీ అయ్యాక మా హాలుకి వచ్చేది. ఆపదలో వదలాల్సిన వెలుగు రాకెట్ల గురించి నేను వర్ణించి వర్ణించి చెబుతుంటే గోడకి తలానించి గురక పెట్టేది. కుర్రాళ్ళు కిసుక్కున నవ్వారోసారి. నవ్వినవాళ్ళ చేత తాడు ముళ్ళు వేయిస్తూనే కూర్చున్నాను, వేళ్ళు నొప్పెట్టేదాకా. పాఠం అయ్యాక ఆమెని లేపేవాణ్ణి. "ఎంతవరకూ వచ్చింది?" అని అడిగేది. "అయిపోయింది, ఇంటికెళ్ళు" అనేవాణ్ణి.

వసంతంలో పరీక్ష పెట్టడానికి ఒడ్డు మీది పట్నం రేవు ఆఫీసు నుంచి స్మిల్యానా అనే కప్తాన్ వచ్చింది. మా పిల్లల వయసు మనిషి. ఇస్త్రీ చొక్కా, సూటి చూపు. పెరీనా దీపాల సంగతి తడబడకుండా చెప్పింది. తాడు ముళ్ళు బాగానే వేసింది. నేను వెనక బెంచీలో కూర్చుని ఊపిరి పీల్చుకుంటుండగా స్మిల్యానా అడిగింది:

"రెండు మోటారు పడవలు అడ్డంగా ఎదురుపడ్డాయి. ఎవరు దారివ్వాలి?"

"ఎవరివమ్మా ఆ పడవలు?"

"ఎవరివైతే ఏంటండీ?"

"ఎవరివో తెలీకుండా ఎలా చెప్పను తల్లీ? పెద్దాయన వస్తుంటే చిన్నవాడు ఇవ్వాలి. బరువేసుకొచ్చేవాడికి ఖాళీగా పోయేవాడు ఇవ్వాలి. మా ఫాదిరీ గారొస్తుంటే అందరూ తప్పుకోవాలి, ఆయనకి తిప్పడం రాదు."

హాలంతా గొల్లుమంది. నేను తల పట్టుకున్నాను. ఆమె చెప్పింది అబద్ధం కాదు. మా దీవి చుట్టూ నీళ్ళ మీద తాతల నాటి నుంచీ అదే మర్యాద. పుస్తకంలో మాత్రం, ఎదుటి పడవ మన కుడిపక్క నుంచి వస్తుంటే మనమే తప్పుకోవాలని ఉంది. ఎదుటివాడు ఎవడైనా ఒకటే లెక్క. నేను హాల్లో ఆ ముక్క చెప్పడం, సొంత పడవలో పోతూ ముసలివాళ్ళకి దారివ్వడం ఏళ్ళ తరబడి జరుగుతూనే ఉంది.

స్మిల్యానా నవ్వలేదు. "పెరీనా గారూ, ఆగస్టులో ఇటలీ నుంచి పడవ వేసుకొచ్చేవాడికి మీ ఊరి పెద్దలెవరో తెలీదు కదండీ. మీరు ఆయన తప్పుకుంటాడనుకుంటారు, ఆయన మీరు తప్పుకుంటారనుకుంటాడు. పైనెల మళ్ళీ రండి" అంది. నాకు కోపం వచ్చింది గానీ, ఆ పిల్ల మాటలో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు.

బయటికొచ్చేసరికి పెరీనా మెట్ల మీద కూర్చుని ఉంది.

"అలిసిపోయాన్రా బేపో."

"ఒక్క ప్రశ్నేగా. పైనెల అయిపోతుంది."

"పరీక్ష పోయినందుక్కాదు. ఇంటికెళ్ళి ఆయనకి చెప్పాలి."

"ఏమంటాడేంటి?"

"ఏమీ అనడు. లోపల సంతోషిస్తాడు. అది చూడలేక చస్తున్నా."

నేను ఆ పక్కనే కూర్చున్నాను. గాలి చల్లగా ఉంది, ఆమె స్వెట్టరు మోచేతుల దగ్గర చిరిగి ఉంది. కాసేపటికి లేచి, పొయ్యి మీద చారు పెట్టొచ్చానంటూ వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి సాయంత్రాలు నేనే వాళ్ళింటికి వెళ్ళాను. వంటింటి బల్ల మీద రొట్టె ముక్క ఒక పడవ, ఉప్పుడబ్బా ఒక పడవ. లోవ్రే మాకు వీపు పెట్టి గోడకేసి కూర్చునేవాడు.

"ఉప్పుడబ్బా నీ కుడిపక్క నుంచి వస్తోంది. ఏం చేస్తావ్?"

"వేగం తగ్గించి, దాని వెనకనుంచి పోతా."

"దాంట్లో మీ పెదనాన్న కొడుకున్నాడనుకో."

"ఉంటే చెయ్యూపుతా. అయినా వెనకనుంచే పోతా."

గోడ దగ్గర్నుంచి గొంతు లేచింది. "ఉప్పుడబ్బాలకి దారిచ్చే కప్తాన్లు పుట్టుకొచ్చారు మన ఊళ్ళో. భలే!"

"నీ పడవ రేవులో నాచు పట్టిపోతోందయ్యా," అంది పెరీనా. "నువ్వు తిప్పవు, నన్ను తిప్పనివ్వవు."

"నేనింకా చావలేదే."

"చావలేదని నాకు తెలీదా? రోజూ చొక్కా తొడిగేది నేనే కదా."

నాకు ఒళ్ళు మండింది. "ఒరేయ్ లోవ్రే, ఆవిడ నీ చోటు లాక్కోడానికి చదువుతోందా? నిన్నీ కుర్చీలోంచి లేపడానికి చదువుతోంది" అన్నాను.

"ఫెర్రీ మీద కాఫీలు తాగుతూ జుట్టు నెరిపించుకున్నోడివి, చుక్కాని సంగతి నీకేం తెలుసురా!"

మాట పడ్డాను. అందులో కొంత నిజం లేకపోలేదు, అందుకే ఎక్కువ గుచ్చుకుంది. గుమ్మం దాకా వచ్చి పెరీనా నా భుజం తట్టింది. "నీకు పుణ్యముంటుంది, రేపట్నుంచి రావద్దు. మీ ఇద్దరి అరుపులూ వినే ఓపిక లేదు నాకు. నా తిప్పలేవో నేనే పడతా" అంది. నేను వెళ్ళలేదు.

రెండోసారి పరీక్షలో కుడిఎడమల ప్రశ్న మళ్ళీ వచ్చింది. గడగడా చెప్పేసింది. లేచి వెళ్ళబోతుంటే స్మిల్యానా ఇంకొకటి అడిగింది. మొదటి రోజే నేర్పే ప్రశ్న అది, చిన్నపిల్లలు కూడా చెబుతారు.

"పడవలో ఉన్నవాళ్ళ ప్రాణాలకి బాధ్యత ఎవరిది?"

పెరీనా నోరు తెరిచి ఆగిపోయింది. స్మిల్యానా కలం కింద పెట్టి ఎదురుచూసింది.

"చుక్కాని పట్టుకున్నవాళ్ళది."

"ఇప్పుడు మీ పడవలో, ఎవరిది?"

"నాది," అంది పెరీనా. కళ్ళు తుడుచుకుంది.

ప్యాసైందని విన్నాక కూడా ఆమె మొహంలో సంబరం లేదు. మోసే బస్తా మీద ఇంకో బస్తా పెట్టించుకున్న మనిషిలా తలుపు తీసుకుని వెళ్ళింది. నేను మాత్రం ఆ సాయంత్రం ఒక గ్లాసు ఎక్కువ తాగాను.

లైసెన్సు తీసుకెళ్ళి వంటింటి బల్ల మీద పెడితే లోవ్రే తల తిప్పలేదట. పెరీనా రేవుకొచ్చి, పడవని ఒడ్డుకి లాగించి, నాచు గీకి, రంగు వేసుకుంది. రంగు ఆరాక ఒక పొద్దున ఒక్కతే తోటకి బయలుదేరింది. మేము కాఫీ కొట్టు బయట కూర్చుని ఉన్నాం. ఇంజను చప్పుడు విని తల తిప్పితే, సందు మొదట్లో కర్ర పట్టుకుని లోవ్రే నిలబడి ఉన్నాడు. వేసవి తర్వాత అతను గడప దాటడం అదే మొదలు. పడవ మలుపు దాటేదాకా చూసి, మాలో ఎవరినీ పలకరించకుండా వెనక్కి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం పెరీనా ఇల్లు చేరగానే, "ఇంజను దగ్గుతోంది" అన్నాడట. "అయితే వచ్చి చూడు" అందట ఆమె.

మర్నాడు పొద్దున ఇద్దరూ కలిసి రేవుకొచ్చారు. తాడు పట్టుకోవడానికి నేను వెళ్ళాను. పెరీనా నారింజరంగు లైఫ్ జాకెట్ తీసింది. లోవ్రే దాన్ని పాముని చూసినట్టు చూశాడు. పుట్టి బుద్ధెరిగాక మా ఊరి మగవాళ్ళు ఎవరూ అది వేసుకోలేదు.

కాఫీ కొట్టు దగ్గర్నుంచి ఎవడో అరిచాడు. "ఏం లోవ్రే, పెళ్ళికోటు కొత్తది కుట్టించావా?"

లోవ్రే మొహం కందగడ్డ అయింది. కర్ర అటు తిప్పాడు, ఇంటివైపు. ఇక అయిపోయింది, ఈ మనిషి మళ్ళీ రాడు అనుకున్నాను. పెరీనా కోప్పడలేదు, బతిమాలలేదు.

"ఇది లేకపోతే ఎక్కనివ్వనయ్యా," అంది. "నీకేమన్నా అయితే నన్నే అడుగుతారు. నేనెవరికి చెప్పుకోను?"

అతను అలాగే నిలబడ్డాడు. ఆమె దగ్గరికొచ్చి ముందు చచ్చుచేతిని, తర్వాత మంచిచేతిని దూర్చి, పట్టీలు బిగించింది. నా భుజం ఆసరాగా అతను పడవలోకి దిగాడు. దిగి నడిమధ్యలో నిలబడిపోయాడు. వెనక చుక్కాని ఉంది. పెరీనా వెళ్ళి దాని పక్కన కూర్చుంది. లోవ్రే ఒకసారి దానివైపు చూసి, కళ్ళు దించుకున్నాడు.

"నన్నెక్కడ కూర్చోమంటావే?"

ఆ మనిషి నోట అలాంటి మాట నేనెప్పుడూ వినలేదు. పెరీనా కూడా విననట్టే ఉంది, అతనివైపే చూస్తూ కూర్చుంది. లోవ్రే తనే తడుముకుంటూ ముందు కొసకి నడిచి, అక్కడున్న పలక మీద కూలబడ్డాడు.

"అక్కడొద్దయ్యా," అంది ఆమె. "మలుపు దాటితే అలలు మీద కొడతాయి, నిలువునా తడిసిపోతావ్."

"తెలుసులేవే," అన్నాడు లోవ్రే. "ఇన్నేళ్ళూ ఇక్కడ కూర్చుని తడిసింది నువ్వేగా."

పెరీనా చుక్కాని అందుకుంది. తాడు వదలమని నాకు చేత్తో సైగ చేసింది.