సంజీవమ్మ అమెరికా వీసా

“అమెరికాలో దిగాక నువ్వు వెనక్కి ఎందుకొస్తావు?”

అద్దం వెనక కూర్చున్న ఎంబసీ ఆఫీసరు ఇంగ్లీషులో అడిగాడు, పక్కనున్న దుబాసీ సంజీవమ్మకు హిందీలో చెప్పాడు. 

ఆమె కడప జిల్లా నుంచి కువైట్‌కు వచ్చి, రుమైథియాలో ఒకే ఇంట్లో పదహారేళ్లుగా పనిచేస్తోంది. 2009లో ఆ ఇంటి యజమానురాలికి, అంటే సంజీవమ్మ ‘మామా’ (అమ్మా) అని పిలిచే ముసలావిడకు, అమెరికాలో వెన్నెముక ఆపరేషన్ ఖాయమైంది. మామాకు స్నానం చేయించాలన్నా, పక్క మీద ఒత్తిగిలించాలన్నా సంజీవమ్మ చెయ్యే కావాలి. వీసా రాకపోతే అక్కడే ఎవరినో పెట్టుకుంటామనీ, ఖాళీ ఇంట్లో ఆమెకు పనుండదు గనక ఇఖామా, అంటే అక్కడ ఉండేందుకిచ్చే పర్మిట్, రద్దు చేసి పంపించేస్తామనీ మామా పెద్దకొడుకు ముందే చెప్పాడు. కువైట్‌లో ఆమెకు పూచీ ఉండే కఫీల్ అతనే. ఊళ్లో చిన్నకూతురి నర్సింగు చదువు ఇంకా సగంలో ఉంది.

ఆఫీసరుకు ఏం చెప్పాలో కూడా అతనే నేర్పాడు. ఇండియాలో నాకెవరూ లేరు, మొగుడూ పిల్లలూ లేరు, మామా ఎక్కడుంటే నేనక్కడ. ‘ఇంటిమనిషి’ అనే మాట మీద ఆ కుటుంబానికి మహా మోజు. ఆ ఇంటిమనిషి పడుకునేది వాషింగ్ మెషీన్ గదిలో. ఇంకో పదహారేళ్లున్నా ఆమె కువైటీ కాలేదు. అది ఆమెకూ తెలుసు, దాని మీద బెంగా లేదు.

అంతకు ముందు శుక్రవారం ఫర్వానియాలో, చెల్లెలి వరసైన శివపార్వతి గదిలో ఈ పాఠం అప్పజెప్పబోయి ఆగిపోయింది.

“బిడ్డలు లేరని యెట్ల చెప్పేది పారూ? పైన తథాస్తు దేవతలు తిరుగుతాంటారు.”

“వాళ్లకు ఇఖామా యాడిదిక్కా, ఈడికి రానీకె? చెప్పేసి రా.”

గదంతా నవ్వింది. సంజీవమ్మ నవ్వలేదు.

ఇప్పుడు అద్దం ముందు ‘ఎవరూ’ దాకా వచ్చింది. తర్వాతి మాట నోట్లోంచి ఊడిపడలేదు. దుబాసీ మళ్లీ అడిగాడు. ఇక లాభం లేదనుకుని, వచ్చీరాని హిందీలో ఉన్నదంతా చెప్పేసింది. మొగుడున్నాడు, ఇద్దరు కూతుళ్లున్నారు, పెద్దదానికి ఐదో నెల. రాయచోటి దగ్గర ఇల్లు కప్పు దాకా లేచింది. చివరి మాటను ఆమె యాసలో పెడితే ఇంతే: “అమెరికాలో నాకేం పని సార్? మామా లేసి నడిస్తే సాలు. కాన్పుకు నేను మా ఊరికి పోవల్ల.”

ఆఫీసరు అప్పుడు కంప్యూటర్ మీంచి తలెత్తాడు.

వలసల మీద ఉపన్యాసాలిచ్చేవాళ్లు, వచ్చినవాళ్లు అమెరికాలో కలిసిపోవాలని తెగ బాధపడుతుంటారు. ఆ అద్దం దగ్గర పరీక్ష తలకిందులు. కలిసిపోనని నమ్మించినవాళ్లకే తలుపు తీస్తారు. ఎవరూ లేనిదాన్నని చెప్పి ఉంటే, అక్కడే ఉండిపోతుందని తిప్పి పంపేవాళ్లే. పెద్దకొడుకు చదువుకున్నవాడే గానీ, ఎంతసేపటికీ తన హాల్లో సోఫా మీంచే ఆలోచించాడు.

వీసా ఇచ్చామనీ, వారంలో పాస్‌పోర్టు తీసుకోమనీ దుబాసీ చెప్పాడు.

బయట కారులో కూర్చున్న పెద్దకొడుకుతో, ఖలాస్, అయిపోయింది, వీసా ఇచ్చారు అని మాత్రం అంది. తన పాఠమే పనిచేసిందని అతను మురిసిపోయాడు. ఆమె సీటుకు జారగిలబడి, ఇల్లు చేరేదాకా హాయిగా కళ్లు మూసుకుంది.

ఆపరేషన్ తర్వాత మామా నడిచింది. సంజీవమ్మ పెద్దకూతురి కాన్పు వేళకు ఊరు చేరింది. అమెరికాలో ఉన్న నెలల జీతం తిరిగొచ్చాక కలిపి ఇస్తానన్నాడు పెద్దకొడుకు. అందులో ఒక నెలది, అరవై దినార్లు, ఇంకా రావాలి.