నేను కనిపెట్టిన రెండు గామాలు

ఆ రోజుల్లో నాకు నా కోడ్ మీద ఉన్నంత నమ్మకం ఇప్పుడు దేని మీదా లేదు. మిషిగన్‌లో ఒక యూనివర్సిటీ ల్యాబ్‌లో పీహెచ్‌డీ మూడో సంవత్సరం. వేగంగా దూసుకొచ్చే పరమాణు కేంద్రకాలను పల్చటి రేకుకి గుద్దిస్తే, పుట్టిన కొత్త కేంద్రకం పరిగెడుతూనే గామా కిరణం వదులుతుంది. ముందున్న డిటెక్టర్‌కి దాని శక్తి ఎక్కువగా, వెనకున్నదానికి తక్కువగా కనిపిస్తుంది (అంబులెన్స్ కూత వచ్చేటప్పుడు ఒకలా, దాటిపోయాక ఇంకోలా వినిపించినట్టు). ఏ డిటెక్టర్ ఏ కోణంలో ఉందో చూసి ఆ తేడాను తీసెయ్యడాన్ని డాప్లర్ కరెక్షన్ అంటారు. దానికి కోడ్ రాయడం నా బాధ్యత.

తీసేశాను. గ్రాఫ్‌లో రెండు శిఖరాలు లేచాయి. ఆ కేంద్రకం వదిలే గామాను అంతవరకు ఎవరూ చూడలేదు, నేను ఏకంగా రెండు పట్టాను! ప్రొఫెసర్ మురిసిపోయి, కాన్ఫరెన్స్‌కి పంపే సారాంశంలో నా పేరు మొదట పెట్టారు. నేను ఆగలేక రూమ్మేట్లకి బిర్యానీ పార్టీ ఇచ్చేశాను. “దీనికి గ్రీన్‌కార్డ్ ఏమైనా ఇస్తారా బావా?” అని వాళ్లు అడిగితే, తెలిసినవాడిలా నవ్వాను కూడా.

సారాంశం పంపాల్సిన రోజు మధ్యాహ్నం, మా గ్రూప్‌లో పోస్ట్‌డాక్ చేస్తున్న వరంగల్ అక్క లంచ్ బాక్స్‌తో నా వెనక ఆగింది.

“ముందటి డిటెక్టర్లు ఒక్కటే చూపెట్టు.”

చూపించాను. రెండు శిఖరాల్లో ఒక్కటే ఉంది.

“ఇప్పుడు వెనకటియి.”

రెండోది ఒక్కటే ఉంది.

అక్క ముద్ద మింగి, “ఏందిరా, ఆ గామా ముందటోళ్లకు ఒక మాట, వెనకటోళ్లకు ఒక మాట చెప్తదా?” అంది.

డిటెక్టర్ల అమరిక గీసిన డ్రాయింగ్ తీసి చూస్తే, అందులో కేంద్రకాలు కుడి నుంచి ఎడమకి వెళ్తున్నాయి. నేను ఎడమ నుంచి కుడికి అనుకుని కోణాలన్నీ రాసేశాను (బాణం గుర్తు ఉంది, నేనే చూడలేదు). తేడాను తీసెయ్యడం పోయి రెట్టింపు చేశాను. కోణాలు తిప్పి రాసి మళ్లీ రన్ చేస్తే, రెండు శిఖరాలూ కలిసిపోయి, మధ్యలో ఒక్కటే సన్నగా, నిటారుగా నిలబడింది.

వెళ్లి ప్రొఫెసర్‌తో, “రెండు కాదు, ఒక్కటే” అని చెప్పాను. ఆయన గ్రాఫ్‌ని చాలాసేపు చూసి, సారాంశంలో నా పేరు అక్కడే ఉంచి, రెండుని ఒకటిగా మార్చారు. “ఎంత అందంగా ఉంది!” అన్నారు. నన్ను ఓదారుస్తున్నారనుకుని తల దించుకుని బయటపడ్డాను.

ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్రాడి మీద జాలేస్తుంది. అంతకుముందు ఎవరూ చూడనిది, నిజంగా ఉన్నది, ఆ ఒక్కటీ నా స్క్రీన్ మీదే మొదటిసారి కనిపించింది. సిగ్గుతో విండో మూసేశాను, పిచ్చివాణ్ణి, తనివితీరా చూసుకోనైనా లేదు.