దారం తెంపిన చేప

జయవంత్ కుబల్ ఈల వేస్తే సముద్రపు గద్ద దిగివస్తుందని మాల్వణ్ తీరమంతా చెప్పుకునేవారు. డాల్ఫిన్లను చూపించే పడవలు ఎన్ని ఉన్నా, టూరిస్టులు వెతుక్కుంటూ వచ్చేది ఇతని పడవకే. రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేసి, ఓ కానాగంత చేపను పైకి ఎగరేసేవాడు. సరుగుడు చెట్టు మీది గూట్లోంచి తెల్లపొట్ట ఆడగద్ద దూసుకొచ్చి, చేప నీళ్లలో పడేలోగా తన్నుకుపోయేది. అప్పుడు చూడాలి కుబల్ ముఖం, పెళ్లికొడుకు కూడా అంత మురిసిపోడు!

"అడవి పక్షిని కుక్కపిల్లను చేస్తున్నావు. మనకెందుకయ్యా ఈ గొడవ?" అని భార్య సుమన్ మొత్తుకునేది.

"నీకు కుళ్లు. నువ్వు పిలిస్తే పిల్లి కూడా రాదు" అని నవ్వేసేవాడు. అప్పుడే ఆమె మాట వినుంటే ఎంత బాగుండేది!

అక్కడి జాలర్లకో అలవాటుంది. గాలం ముల్లు చేప గొంతులో మరీ లోతుగా దిగితే పీకుతూ కూర్చోరు. దారం తెంపేసి చేపను బుట్టలో పడేస్తారు. ఇంటికెళ్లి కోసేటప్పుడు ముల్లు ఎలాగూ దొరుకుతుంది. ఫిబ్రవరిలో ఓ పొద్దున కుబల్ అలాగే చేశాడు. పడవలో పుణెవాళ్లు కెమెరాలు పట్టుకుని "ఇంకోసారి కాకా, ఇంకొక్కసారి!" అని గోలపెడుతుంటే, ఉబ్బిపోయి, చూడకుండానే బుట్టలో చేతికందిన చేపను విసిరేశాడు. గద్ద పట్టుకుపోయింది. ఒడ్డుకొచ్చి బుట్ట బోర్లిస్తే దారం తెంపిన చేప అందులో లేదు.

నాలుగో రోజు గద్ద సరుగుడు చెట్టు కింద చచ్చిపడి ఉంది. పాతిపెట్టాడు. ఎవరికీ చెప్పలేదు, సుమన్‌కు కూడా. ఏమని చెబుతాడు, చప్పట్ల కోసం చంపుకున్నానని చెబుతాడా? గూట్లో పిల్ల రోజంతా అరిచేది. దానికి మేత తేవడం ఇక మగగద్ద ఒక్కదాని వంతయింది.

కుబల్ ఈల మానేశాడు. మానింది అతనొక్కడే. వారం తిరక్కుండానే, పక్క పడవ నడిపే సుహాస్ జోగళ్ టూరిస్టుల ముందు చేప చేతపట్టుకుని నోట్లో వేళ్లు పెట్టాడు.

"ఒరేయ్ సుహాస్! వద్దురా, ఆగరా!" అని కుబల్ పడవలో లేచి నిలబడి అరిచాడు.

"ఏం కాకా, ఈల నీ తాతల ఆస్తా? మాకు నేర్పింది నువ్వేగా!"

"ఆడగద్దను చంపింది నేనేరా! ముల్లున్న చేప విసిరాను. ఈ చేతులతోనే పాతిపెట్టాను. ఈ మగదీ పోతే గూట్లో ఆ పిల్లకి దిక్కెవరురా?"

సుహాస్ ముఖం పాలిపోయింది. చేతిలో ఉన్న చేప నోరు తెరిచి, వేలు లోపలికి పోనిచ్చి, గొంతుదాకా జాగ్రత్తగా తడిమి చూశాడు.

"లేదు కాకా, ముల్లు లేదు. నువ్వేం దిగులు పెట్టుకోకు" అని ఎంతో ప్రేమగా చెప్పి, ఈల వేశాడు.

చెట్టు మీంచి మగగద్ద లేచింది.