శవం చెవిలో మా మామ అన్న మాట

నా చిన్నప్పుడు మా మేనమామ చచ్చిపోయినవాళ్ళతో మాట్లాడేవాడు. నేను కోతలు కోస్తానని నన్నెరిగినవాళ్ళందరికీ తెలుసు. కోదాడ నుంచి మిర్యాలగూడ దాకా మా చుట్టాల్లో ఎవరినడిగినా, నా మాటలో సగం తీసేసి మిగతా సగాన్ని జల్లెడ పట్టమంటారు. ఈ ఒక్కటి మాత్రం జల్లెడ పట్టకుండానే తీసుకోండి.

మామ సూర్యాపేట ఠాణాలో అమీను. ఇప్పటి మాటలో ఎస్సై అనుకోండి. నిజాం సర్కారు పోయి, ఊళ్ళ మీద మిలిటరీ లారీలు తిరుగుతున్న రోజులు. చుట్టుపక్కల ఎక్కడ ఖూనీ అయినా ఆయనే పోవాలి. ఊరి పెద్దమనుషులను కూర్చోబెట్టి పంచనామా రాయించాలి, శవాన్ని దవాఖానకు పంపాలి, చంపిందెవరో వెతకాలి. ఆ ఏడు ఆయనకు ఊపిరి తీసుకునే సందు దొరకలేదు. చదువు కోసమని కోదాడ నుంచి నన్ను తెచ్చి వాళ్ళింట్లో పెట్టారు. పిల్లలు లేని ఇల్లు. కోదాడ సరిహద్దు ఊరు కాబట్టి నా మాటలో కలిసిన ఆంధ్రా యాసను వెక్కిరించడమే మా అత్తకు కాలక్షేపం.

శవాన్ని చూసి వచ్చినవాళ్ళు బయటే స్నానం చేసి, వేపాకు కొరికి లోపలికి రావడం మా వైపు ఆచారం. అందుకని అత్త వాకిట్లో కాగు నిండా నీళ్ళు, పక్కన వేపమండ పెట్టి ఉంచేది. మొదట్లో మామ నాలుగు చెంబులు గుమ్మరించుకుని లోపలికి వచ్చేవాడు. రానురాను కాగు అడుగంటినా లేవడం మానేశాడు. ఇంకో కడవ తెమ్మనేవాడు. అది అయిపోతే ఇంకోటి. తడిబట్టతో గడప దాకా వచ్చి, తన చేతులు చూసుకుని మళ్ళీ వెనక్కి తిరిగేవాడు. అంతకుముందు నన్ను భుజాల మీద ఎక్కించుకుని బజారంతా తిప్పిన మనిషి, నేను దగ్గరికి పోతే చేతులు వెనక్కి దాచుకునేవాడు. అన్నం ముందు కూర్చునేవాడే గాని కలిపేవాడు కాదు. రాత్రిళ్ళు గోడకు ఆనుకుని కూర్చునే తెల్లవార్చేవాడు. అత్త తాయెత్తు కట్టించింది, దిష్టి తీసింది, నా ముందే బావి గట్టున కూర్చుని ఏడ్చింది.

శవాన్ని కదిలించే ముందు మామ దాని చెవి దగ్గరికి వంగి ఏదో అనేవాడు. చూసినవాళ్ళు ఊరుకుంటారా? చచ్చినోళ్ళు అమీన్ సాబు చెవుల చంపినోని పేరు చెప్తరట అని ఒక మాట పుట్టి ఊళ్ళన్నీ తిరిగింది. పుట్టించింది నేను కాదు, నేను దానికి కాస్త పోపు పెట్టానంతే. ఒక శవమైతే లేచి కూర్చుని మామను చుట్ట అడిగిందని చెప్పి, బడి పిల్లల దగ్గర రేగుపళ్ళు దండుకున్నాను.

అలా ఉండగా మోతె అవతల వాగు ఒడ్డున గొర్రెలు కాసే కుర్రవాణ్ణి ఎవరో తల మీద కొట్టి చంపేశారు. మామ పోయి పంచనామా చేసి వచ్చాడు. మర్నాడు పొద్దునకల్లా ఆ పిల్లవాడి తల్లి నడుచుకుంటూ వచ్చి మా అరుగు మీద కూర్చుంది. మామ బయటికి రాగానే కాళ్ళ మీద పడింది.

"నీ బాంచెన్ దొరా, నా కొడుకు నీ చెవుల ఏం జెప్పిండు?"

"ఏం జెప్పలే అవ్వా. సచ్చినోళ్ళు మాట్లాడరు."

"నా కాడ దాస్తున్నవ్. నువ్వు వంగంగ మా ఊరోళ్ళు సూసిన్రు."

మామ ఆమెను లేపకుండానే, ఎవరో తరుముతున్నట్టు ఠాణాకు వెళ్ళిపోయాడు. ఆమె కదల్లేదు. అత్త అంబలి తెచ్చిస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ పగలు గడిచింది, రాత్రి గడిచింది, ఆమె అరుగు మీదే ఉంది. మర్నాటికి పెదవులు తెల్లబడ్డాయి. కూర్చోలేక స్తంభానికి వాలిపోయింది. ఠాణా నుంచి తిరిగొచ్చిన మామ కూడా లోపల పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు.

అత్త లోపలికి పోయి మామను పట్టుకుంది. "ఏదో ఒకటి జెప్పరాదూ! అమ్మా అన్నడని జెప్పు. నీ సొమ్మేం బోతది? ముసల్ది మన గడపల్నే పాణం ఇడిశేటట్టున్నది."

"ఇయ్యాల అమ్మా అన్నడంటె, రేపు కొట్టినోని పేరు గూడ జెప్పిండంటరు. ఎవని మీద పగ ఉంటె వాని పేరు బెడ్తరు. ఒకడు సచ్చింది సాలదా?" అన్నాడు మామ. "నాకెవ్వరు ఏం జెప్తలేరే. అందరు నోళ్ళు తెరిశి పంటరు. ఒక్కడు జెప్పడు. ఇంటింటికి పోయి నేను ఏం జెప్పాలె?"

పెద్దవాళ్ళ వల్ల కాని పని నా వల్ల అవుతుందని నాకనిపించింది. నా దగ్గర మాటలకు కరువా? మెల్లగా అరుగు మీదికి పోయి ఆమె పక్కన కూర్చుని, "అవ్వా, నీ కొడుకు ఏమన్నాడంటే..." అని మొదలుపెట్టాను. ఆమె కళ్ళు తెరిచింది. ఎముకలే మిగిలిన చేత్తో నా మణికట్టు పట్టుకుంది. ఆ కళ్ళలో ఆశ చూసి నాకు భయమేసింది. నోట్లో సిద్ధంగా ఉన్న మాట నాలుక మీదే ఎండిపోయింది. అంతలో వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి నా నోరు మూసింది. మామ చెయ్యి. ఎన్ని నెలల తర్వాతో ఆయన నన్ను ముట్టుకున్నాడు.

నన్ను పక్కకు జరిపి, ఆయన అమీనన్నది మరిచిపోయి ఆమె ముందు నేల మీద చతికిలబడ్డాడు. "ఏం దెలుసుకోవాలె అవ్వా నీకు? సక్కగ అడుగు."

అప్పుడు చెప్పింది ఆమె. ఆ పొద్దున గొర్రెపిల్ల తప్పిపోయిందని కొడుకును తిట్టిందట. నీ చేతి కూడు ముట్టనని వాడు లేచిపోతుంటే, వెంటబడి సద్దిమూట వాడి కర్రకు తగిలించిందట. "కడుపు మాడుకొని సచ్చిండు నా బిడ్డ. నన్ను తిట్టుకుంట సచ్చిండు. గదే నన్ను నమిలి మింగుతున్నది దొరా."

మామ ఆమె వైపు ఇంకాస్త జరిగి, "సద్ది ఏం గట్టినవ్?" అన్నాడు.

"జొన్నరొట్టె. మిరపకాయ తొక్కు."

"ఉల్లిగడ్డ?"

ఆమె తల ఎత్తింది. "పెట్టిన. నీకెట్ల ఎరుక?"

"చెట్టు కింద పొట్టు ఉండె. రొట్టె ముక్క గూడ మిగల్చలే. మూతికి తొక్కు ఎర్రగ అంటుకొని ఉండె. సద్దిగుడ్డ వాగుల కడిగి రాయి మీద ఆరేసిండు. గాలికి పోకుండ మీద గులకరాయి బెట్టిండు. ఇది వాడు జెప్పింది గాదు అవ్వా. నేను నా కండ్లతోటి సూసింది."

"గుడ్డ కడిగిండా?"

"కడిగిండు."

"ఎన్నడు గడగకపొయ్యేది దొంగసచ్చినోడు!" అంది. అని నవ్వింది. ఆ నవ్వులోంచే ఏడుపు బయటికి వచ్చింది. అలాంటి ఏడుపు నేను మళ్ళీ ఎక్కడా వినలేదు. మామ లేవకుండా అక్కడే ఉన్నాడు. కాస్త తెరిపిన పడ్డాక ఆమె, "మరి చెవుల నువ్వేమంటివి దొరా?" అని అడిగింది.

"బిడ్డా, నిన్ను ముట్టుకుంటున్న, ఏమనుకోకు, అన్న. అందరితోటి గదే అంట."

ఆమె ఆయన రెండు చేతులూ తీసుకుని కళ్ళకద్దుకుంది. అత్త ఇద్దరికీ అంబలి తెచ్చింది. ఇద్దరూ తాగారు. స్నానం మాట ఎవరూ ఎత్తలేదు.

మామ అంతటితో బాగుపడ్డాడని చెబితే మీకూ బాగుంటుంది, నాకూ బాగుంటుంది. కానీ అలా జరగలేదు. ఆ ఖూనీ ఎవరు చేశారో తేలలేదు. వారం తిరక్కుండా పక్క ఊరి నుంచి ఇంకో ఖూనీ కబురు వచ్చింది, వాకిట్లోకి మళ్ళీ కాగు వచ్చింది. నలభై దాటకముందే ఆయన ముసలివాడయ్యాడు. ఉద్యోగం వదిలాక కూడా నిద్రలో ఎవరికో క్షమాపణ చెప్పుకుంటున్నట్టు పెదవులు కదిపేవాడని అత్త అనేది.

ఇప్పుడు నేను కూడా చావు జరిగిన ఇళ్ళకు ఎన్నింటికో పోతుంటాను. పోయినవాళ్ళు దేవుడిలా నవ్వుతూ పోయారని, చివరిదాకా మీ పేరే తలిచారని చెప్పడం నాకు నిమిషం పని. నోటి దాకా వస్తుంది కూడా. మింగేస్తాను. ఆ మనిషి గురించి నా కళ్ళతో నేను చూసింది ఏదైనా ఉందా అని వెతుక్కుంటాను. మొన్న మా పక్కింటామెకు, మీ ఆయన ముందటి రోజు సాయంత్రం జామచెట్టుకు నీళ్ళు పోస్తూ నాకు కనిపించాడని చెప్పాను. ఆమె ఏ వేళప్పుడు, ఏ చొక్కా వేసుకున్నాడు అని మళ్ళీ మళ్ళీ అడిగి చెప్పించుకుంది. ఒక్కోసారి అంత చిన్నది కూడా దొరకదు. అప్పుడు ఏమీ అనకుండా, వాళ్ళు లెమ్మనేదాకా పక్కన కూర్చుంటాను.