మామ మంచం దగ్గర పెట్రోలు డబ్బా

మా మామ పోయిన కబురు నాకు డ్యాం అవతలి గట్టు మీద అందింది. పొద్దున్నే పాల క్యాన్లు పడవలోకి ఎక్కిస్తున్నాను. తిరుపతి ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోన్ చేసి, "నాయన పొయినాడు మే" అన్నారు. పాల వ్యాను ఎవరి కోసమూ ఆగదు. ఇవతలి గట్టుకు వచ్చి, క్యాన్లు దించి, పడవ కట్టేసి, అప్పుడు ఇంటికి నడిచాను. ఏడవడానికి కూడా ఒంట్లో ఓపిక లేదు. కొన్ని నెలలుగా ఆసుపత్రికీ ఇంటికీ పడవకీ తిరిగి తిరిగి అందరం అలిసిపోయి ఉన్నాం.

మా ఊళ్ళో అందరివీ తెడ్డు పడవలు. ఇంజను పడవ మాది ఒక్కటే. ఆ ఇంజను మామ పులికాట్ వైపు పాతది కొని తెచ్చారట. అవతలి పల్లెకు రోడ్డు కొండ చుట్టూ తిరిగి పోతుంది కాబట్టి అక్కడి పాలూ మనుషులూ మా పడవలోనే దాటుతారు. నేను కొత్త కోడలిగా వచ్చిన రోజు, మామ ఇంటి ముందర నీళ్ళ డ్రమ్ములో ఇంజను పరీక్షకు నిలబెట్టి, ఆ పొగలో కళ్ళు మూసుకుని దాని చప్పుడు వింటున్నారు. నా మెట్టెల చప్పుడు విని కళ్ళు తెరిచి, ఇంజను ఆపేసి, పక్కకు తప్పుకున్నారు.

మా ఇంట్లో కోడలు మామతో ఎదురుపడి మాట్లాడదు. ఇది ఎవరో పెట్టిన నియమం కాదు, అత్త కూడా తన మామ దగ్గర అట్లాగే ఉండేదట. మామ వాకిట్లోకి అడుగు పెట్టే ముందు ఒకసారి దగ్గేవారు. నేను వంటింట్లోకి తప్పుకునేదాన్ని. నాలుగేళ్ళు అట్లాగే గడిచాయి. అయినా పడవ పని నాకు నేర్పింది ఆయనే. మా ఆయన ముఖం చూస్తూ, "ప్లగ్గు నల్లగా తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువ పోతా ఉండాది. తెల్లగా ఎండిపోయుంటే అందడం లేదు. సూడు" అనేవారు. మా ఆయన ఆవులించేవారు. వెనకాల స్పానర్ పట్టుకుని నిలబడి వినేది నేను. అది ఆయనకు తెలుసు. అర్థం కానిది ఉందనిపిస్తే అదే మాట రెండోసారి చెప్పేవారు.

ఇంజను మొండికేస్తే మా ఆయన దాన్ని ఒకటి చరిచేవారు. మామకు అది నచ్చేది కాదు. "కొట్టొద్దప్పా, అడుగు" అనేవారు. "ఒక్కోటే విప్పు. అన్నీ ఒక్కసారే విప్పితే యాడ తప్పుండాదో ఎప్పటికీ తెలీదు" అనేవారు. ప్లగ్గును తువ్వాలు కొసతో తుడిచి, వాసన చూసి, తర్వాతే పక్కన పెట్టేవారు.

ఊపిరితిత్తులు పాడై ఆయన మంచం పట్టాక, మా ఆయన మామిడి గుజ్జు ఫ్యాక్టరీ పనికి పోవలసి వచ్చింది. పడవ నా చేతికి వచ్చింది. మామ దగ్గు ఇక ఆగేది కాదు. ఏ దగ్గుకు తప్పుకోవాలో తెలియక మొదట్లో నేను తడబడేదాన్ని. తర్వాత గుర్తొచ్చేది, ఆయన లేచి రాలేరని.

ఆ రోజుల్లోనే ఇంజను బలం తగ్గింది. గట్టు దగ్గర బాగానే నడిచేది. నడి నీళ్ళలోకి పోయాక మెల్లగా నీరసించి ఆగిపోయేది. పెట్రోలు ఉందా అని, ఇంజనుకు గొట్టంతో తగిలించే డబ్బా మూత తీసి చూస్తే, ఉండేది. మూత పెట్టి తాడు లాగితే మళ్ళీ నడిచేది. కాసేపటికి మళ్ళీ అంతే. రెండుసార్లు పాల వ్యాను వెళ్ళిపోయింది. అవతలి పల్లె పాలక్క క్యాన్ల మీద కూర్చుని, "ఏమ్మే, నీ ఇంజను గూడా నీ మాదిరే మాట్లాడకుండా కూసునిందే!" అంది. పడవలో అందరూ నవ్వారు. నేను తల వంచుకుని తాడు లాగాను. భుజం పడిపోతుందేమో అనిపించింది.

ఇంటికొచ్చి అత్తకు చెబితే, అత్త మామకు చెప్పేది.

"ఇంజను ఆగిపోతా ఉండాదంట."

"ఎట్ల ఆగతాది? ఠక్కుమనా, మెల్లిగానా?"

"ఆగింది ఆగిందే. దాంట్లో రకాలేంది?"

మామ చెప్పినట్టే కార్బొరేటర్ కడిగాను. పెట్రోలు వడగట్టాను. కింద నీళ్ళలో తిరిగే ఫ్యానుకు నాచు చుట్టుకుందేమో చూశాను. ఒక్కోటే. దేంట్లోనూ తప్పు లేదు. ప్లగ్గు అత్త చేత పంపితే, తెల్లగా ఎండిపోయి ఉందని మామే అన్నారట. మా ఆయన పని నుంచి వచ్చి, "పాత సామాన్లాయన ఆదివారం వస్తాడు. ఇచ్చేద్దాం. ఇంక నా చేత కాదు" అన్నారు. ఆ మాట మామ మంచం దాకా వినబడింది.

శనివారం సాయంత్రం అత్త పక్కింటికి పోయింది. నేను తలుపు పక్కన ఉన్నానని ఆయనకు తెలుసు. పైకప్పు వైపు చూస్తూ, "అదెట్ల ఆగతాదో ఎవరన్నా చెప్తే బాగుండు" అన్నారు.

నేను తలుపు వెనకనుంచే చెప్పాను. "మెల్లిగా ఆగతాది మామా. మూత తీస్తే ఉస్సుమంటాది. మళ్ళా నడస్తాది."

చాలాసేపు దగ్గారు. అది నవ్వని తర్వాత తెలిసింది. "మూత మీది చిన్న స్క్రూ మూసినావా అమ్మణ్ణీ?"

మూశాను. రోజూ మూసేదాన్ని. ఎవరైనా ఎత్తుకుపోతారని డబ్బా సాయంత్రాలు ఇంటికి తెచ్చి, ఎప్పటిలాగే పంచలో మామ మంచం దగ్గర పెట్టేవాళ్ళం. ఆ వాసనకు ఆయన దగ్గు ఎక్కువవుతుందని ఆ స్క్రూ గట్టిగా బిగించేదాన్ని. పొద్దున తెరవాలని నాకు తోచలేదు. అంతకుముందు బిగించిన వాళ్ళెవరూ లేరు మరి. లోపలికి గాలి పోకపోతే పెట్రోలు కిందికి దిగదు.

"మీ దగ్గుకని మూసినాను మామా" అన్నాను.

ఆయన తలుపు వైపు తల తిప్పారు. తర్వాత అన్నారు: "ఆ వాసన వస్తే పడవ ఇల్లు చేరినాదని నాకు తెలుస్తాది. నువ్వేమో నోరు తెరవవు. ఈ పది దినాలూ నువ్వొచ్చినావో, నీళ్ళలోనే ఉండావో తెలీక మీ అత్తను అడగతానే ఉండా."

ఆదివారం పొద్దున స్క్రూ వదులు చేసి పడవ తీశాను. అవతలి గట్టు దాకా ఎక్కడా ఆగలేదు. పాత సామాన్లాయన వస్తే మా ఆయన ఉత్త చేతులతో పంపించేశారు. ఆ తర్వాత మామ ఆసుపత్రికి పోయేదాకా మేమిద్దరం నేరుగానే మాట్లాడుకున్నాం. ఎక్కువేం కాదు, ప్లగ్గు గురించీ పొగ గురించీ. కానీ ఆ నాలుగేళ్ళు నోరు తెరవకుండా ఎందుకు గడిపానా అని ఇప్పుడు అనిపిస్తుంది.

కర్మాంతరం అయిపోయింది. పడవ నడుస్తూనే ఉంది. సాయంత్రం డబ్బా తెచ్చి, మామ మంచం దగ్గరే పెడతాను. పరుపు చుట్టేసి గోడకు ఆనించాం, ఉత్త నవారు మంచమే ఉంది. దారిలో ఒలక్కుండా బిగించిన స్క్రూ అర చుట్టు వదులు చేసి కాసేపు అక్కడే కూర్చుంటాను. పెట్రోలు వాసన మెల్లగా పంచ దాటి లోపలికి పోతుంది. లోపల చీకట్లో గోడ వైపు తిరిగి పడుకున్న అత్త, నేనింకా నోరు తెరవకముందే, "వచ్చినావా మే?" అంటుంది.

"వచ్చినానత్తా" అంటాను, ఒకప్పుడు మామ దగ్గి నిలబడే వాకిలి దాకా వినబడేట్టు.